బరిలోకి దిగిన సంపాదకుడు

అమెరికన్ రచయిత జార్జ్ ప్లింప్టన్ (1927–2003) జీవితంలో సాహిత్యం, క్రీడలు వేర్వేరు దారులు కావు. పనితనాన్ని లోపలినుంచి తెలుసుకోవాలన్న తపనే రెండింటికీ మూలం. 1953లో మొదలైన సాహిత్య పత్రిక ‘పారిస్ రివ్యూ’కు ఆయన చనిపోయేదాకా సంపాదకుడు. విమర్శకుల తీర్పులకన్నా రచయితల మాటకే ఆ పత్రిక పెద్దపీట వేసింది. 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో నవలాకారుడు హెమింగ్వేను ఆయన ముఖ్యంగా రాసే పద్ధతి గురించే అడిగారు. అదే ప్రశ్నతో మైదానానికీ వెళ్లారు. 1959లో బాక్సర్ ఆర్చీ మూర్‌తో మూడు రౌండ్లు తలపడి ముక్కున నెత్తురు కార్చుకున్నారు. 1963లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ శిబిరంలో క్వార్టర్‌బ్యాక్‌గా చేరి ‘పేపర్ లయన్’ (1966) అనే పుస్తకం రాశారు.

ఇదంతా కలిగినవాడి కాలక్షేపమన్న ఆక్షేపణ ఉంది. ఆయన సంపన్న కుటుంబీకుడే, ఓడినా జీవిక పోదు. కానీ ఆ పుస్తకంలో నాయకుడు ఆయన కాదు. సన్నాహక ఆటలో జట్టును ముందుకు నడపలేకపోయిన ఆయన వైఫల్యమే వృత్తి ఆటగాళ్ల నైపుణ్యానికి కొలమానమైంది. గ్యాలరీలో కూర్చుని రాసేవారికి ఆ కొలత దొరకదు.