కొలిమి నుండి కారునకు: సూపర్‌చార్జరు కథ

నిప్పునకు గాలి ప్రాణము. ఈ సంగతి ప్రొద్దుటూరు కంసాలికి ఎవరును చెప్పనక్కరలేదు. కుంపటిలో బొగ్గులెన్ని ఉన్నను, గాలి ఊదినగాని బంగారము కరుగదు. కారు ఇంజనుకును ఇదే సూత్రము. సిలిండరులోనికి పోవు గాలికి తగినంత పెట్రోలే అందులో మండగలదు. వేడిగాలి పలుచన, 15 డిగ్రీల గాలికంటె, 42 డిగ్రీల వేసవి గాలి అదే పీడనమున నూటికి సుమారు 9 పాళ్ళు తక్కువ సాంద్రముగా నుండును. ఇట్టి కొరతను తీర్చుటకేగాక, మరింత బలము రాబట్టుటకును గాలిని లోనికి నెట్టు పరికరమే సూపర్‌చార్జరు.

దీని పుట్టుక కారుకంటె ముందే జరిగినది. 1860లో అమెరికాలోని రూట్స్ సోదరులు ఒక ఊదుడు యంత్రమునకు పేటెంటు పొందిరి. అది ఇనుప కొలుములకు గాలి నందించెను. 1885లో జర్మనీకి చెందిన డైమ్లర్, ఇంజనులోనికి గాలిని నెట్టు పద్ధతికి పేటెంటు తీసికొనెను. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ కార్లు రూట్స్ పరికరముతో కనిపించెను.

రూట్స్ రకములో రెండు రెక్కలు ఎదురెదురుగా తిరుగుచు, దోసిళ్ళతో ఎత్తిపోసినట్లు గాలిని నెట్టును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడును ఇది బాగుగా పనిచేయును. కాని పీడనము పెరిగినకొలది గాలిని ఎక్కువగా వేడెక్కించును. 1930లలో స్వీడనుకు చెందిన లిషోల్మ్ తీర్చిదిద్దిన జంటమరల రకము గాలిని తన లోపలనే నొక్కును. దీనిలో వేడి తక్కువ, ఖరీదు ఎక్కువ. పులివెందుల చీనీ తోటలలో బోరు వేయు బండ్లపై సాధారణముగా నుండు స్క్రూ కంప్రెసరు దీని జ్ఞాతియే. మూడవది అపకేంద్ర రకము. ఇది గాలిని చక్రముతో విసరును. పీడనము సుమారుగా వేగపు వర్గమును బట్టి పెరుగును; అనగా వేగము సగమైన, అదనపు పీడనము నాలుగవ వంతే.

ఇక ఎంపిక. జమ్మలమడుగు నుండి గండికోట కొండ నెక్కు కారునకు తక్కువ వేగముననే బలము కావలెను. అందుకు మొదటి రెండు రకములు మేలు. చదునైన పందెపు బాటపై ఇంజనును ఎల్లప్పుడు వేగముగా తిప్పువారికి అపకేంద్ర రకము చాలును.

ఏ రకమైనను వేడిని మరువరాదు. సైకిలు పంపును తాకిన విద్యార్థి ఎరుగును: గాలిని నొక్కిన వేడెక్కును. 42 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్ల పీడనమునకు నొక్కిన, ఏ నష్టమును లేకున్నను సుమారు 80 డిగ్రీలకు చేరును. నిజమైన యంత్రములో ఇంకను ఎక్కువ. ఆ వేడికి పెట్రోలు మిశ్రమము అకాలముగా పేలి పిస్టను చిల్లిపడవచ్చును. కావున మన జిల్లా ఎండలలో, గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు లేక పీడనము పెంచుట ప్రమాదము.

సూపర్‌చార్జరు తిరుగుటకు కావలసిన శక్తియు ఇంజను నుండియే పోవును. ఆ శక్తిని వృథాగా పోవు పొగనుండి రాబట్టు ఉపాయమునకు 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు బ్యూషి పేటెంటు పొందెను. అదే నేటి డీజిలు లారీలలోని టర్బోచార్జరు.