చెవి చదువు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో దిగి ఎల్.బి.నగర్ వైపు నడచిపోయేవారికి దారి పొడవునా కనబడేవి శిక్షణాలయాల బోర్డులే. ఉద్యోగ పరీక్షలకు, ప్రవేశ పరీక్షలకు, కంప్యూటరు విద్యకు, దేనికి కావలెనన్నా అక్కడ పాఠం దొరుకుతుంది. వాటి నడుమ గిటారు బొమ్మ గల బోర్డు కనబడినా నేడు ఎవరూ ఆశ్చర్యపడరు. అదే వీధిలో, ఏదో ఒక మేడమీద గదిలో, సెల్‌ఫోనులో ఒక సినిమాపాటను పదిమార్లు వెనుకకు తిప్పుకొని వింటూ, దానిని తీగలమీద వెదకుకొనే కుర్రవాడూ ఉంటాడు. సంగీత కార్యక్రమాలతో మాకు గల సంబంధాన్ని బట్టి ఆ ప్రాంతపు తండ్రులు మమ్ములను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు: “మావాణ్ణి పాఠానికి పంపమంటారా, వాడి చెవికే వదిలేయమంటారా అండీ?” నెలనెలా ఫీజు కట్టవలసిన ఇంటిలో ఇది చిన్న ప్రశ్న కాదు. పిల్లవానికి అంతకన్నా పెద్దది. తప్పుదారిన పెట్టిన పాఠము వాని ఉత్సాహాన్ని ఆరునెలలలో చల్లార్చగలదు.

ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగి ఉన్నది. పాఠమంటే కాగితమనీ, చెవితో నేర్చినది చదువు కాదనీ మనము అనుకుంటున్నాము. మన సంగీత చరిత్ర అట్లు చెప్పదు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆపైన కృతులు: పురందరదాసు ఏర్పరచినదిగా సంప్రదాయము చెప్పే ఈ క్రమము ఏ కళాశాల పాఠ్యప్రణాళికకూ తీసిపోదు. అయినను అది చెవినుండి చెవికి సాగినది. గురువు పాడేవాడు, శిష్యుడు తిరిగి పాడేవాడు. తప్పితే మళ్ళీ మొదటికి. సుబ్బరామ దీక్షితులు “సంగీత సంప్రదాయ ప్రదర్శిని”ని ఎట్టయాపురమున తెలుగు లిపిలో అచ్చువేయించినది 1904లో. గమకాలకు కూడా గుర్తులు కల్పించిన మహాగ్రంథమది. అంతటి గ్రంథము చేతనున్నను, అందలి కృతిని ఒకరు పాడగా వినక, కేవలము గుర్తులు చూచి పాడబూనినవాడు ఎంతదూరము పోగలడు?

విదేశీ వాద్యము విషయములోనూ మనకు పూర్వానుభవము లేకపోలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక ఐరోపీయుని వద్ద ఫిడేలు నేర్చుకొన్నారు. విల్లు పట్టే పద్ధతి అక్కడ దొరికినది. ఆ విల్లుతో ఏమి పలికించవలెనో చెప్పినది మాత్రము ఇంటిలో అనుదినము విన్న సంగీతము. తరువాత 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. అన్నగారి వద్ద ఫిడేలు ఆరంభించి, చాలవరకు స్వయంకృషితో ఎదిగిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరబోయి ఉపాధ్యాయులైనారని చెప్పుకుంటారు. ఆ కథ ఎట్లున్నను, 1936లో వారు ఆ కళాశాలకే అధ్యక్షులైనారు.

మన ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ మాత్రము పాలకొల్లుది. 1969లో అక్కడ జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఐదారేళ్ళ ప్రాయమున తండ్రిగారి మాండలిన్ చేతబట్టినాడు. మొదటి పాఠాలు తండ్రివే. గిటారు విద్వాంసులు వాసూరావు గారు పాశ్చాత్య సంగీతమును పరిచయము చేశారు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లవాని శక్తిని గుర్తించి శిక్షణకు పూనుకొన్నారు. చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులైన ఆయనకు మాండలిన్ వాయించుట రాదు! అందుచేత ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఏ వేలు ఏ మెట్టుమీద ఉంచవలెనో చెప్పేవారు లేరు. పాట ఎట్లుండవలెనో చెప్పేవారు మాత్రము ఎదుట కూర్చున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆ బాలుని తొలి కచేరీ జరిగినది.

ఆ మెట్ల వాద్యముపై గమకము పలికించుట ఎంత కష్టమో మా రేడియోవారికి బాగా తెలుసు. గమకము పలుకదను కారణముమీదనే ఆకాశవాణి 1940లో హార్మోనియమును దూరముంచి, 1971లో గాని, అదియు కొన్ని కట్టుబాట్లతో గాని, తిరిగి రానీయలేదు. (ఆ నిర్ణయము సబబా కాదా అన్న తగవు మా సహోద్యోగులలో ఇప్పటికీ తీరలేదు.) శ్రీనివాస్ ఎనిమిది తీగల జంటలు విడిచి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ ఎన్నుకొని, తీగను పక్కకు లాగి గమకము సాధించినారు. గురువు గొంతులో విన్న స్వరము చేతిలో పలికేదాకా ఆయన వాద్యాన్నే మార్చుకొన్నారు. 2014లో, నలభైఅయిదేళ్ళకే, ఆయన వెళ్ళిపోయినారు.

దీనినిబట్టి చెవి ఒక్కటే చాలునని మేము అనము. గిటారు మెడను తప్పుగా పట్టిన చేయి రెండేళ్ళకు ఆ అలవాటునే అంటిపెట్టుకొంటుంది. మణికట్టు నొప్పి పుట్టే వరకు ఆ తప్పు చెవికి వినబడదు. తాళము జారినా, మోజులో ఉన్న కుర్రవానికి తెలియదు. అక్కడ ఉపాధ్యాయుడు కావలసినదే. ఇక కార్డుల పటము గోడకు అంటించి, వేళ్ళ స్థానాలు బట్టీ వేయించి పంపేచోట, ఏడాది గడచినా ఒక్క పాటను విని పట్టుకోలేని విద్యార్థి తయారగును. లండన్ సంగీత పరీక్షల సంస్థలలో ఒకటైన ఎ.బి.ఆర్.ఎస్.ఎం. 1889 నుండి పనిచేయుచున్నది. కాగితముమీది సంగీతానికి పుట్టినిల్లనదగిన ఆ సంస్థ వాద్య పరీక్షలలో సయితము విని చెప్పవలసిన భాగమొకటి ఉన్నది.

అందుచేత ఆ తండ్రులకు మేము చెప్పేది ఇది. డబ్బు కట్టకముందు ఒక సాయంత్రము తరగతి గది వెనుక బల్లమీద కూర్చోండి. ఉపాధ్యాయుడు ఒక చరణము వాయించి, లేదా కూనిరాగము తీసి, పిల్లలచేత తిరిగి పలికించుచున్నాడా, లేక నేరుగా పుస్తకము తెరిపించుచున్నాడా చూడండి. వెళ్ళేటప్పుడు కుర్రవానిని కూడా తీసుకొనిపోవుట మంచిది. తాను మేడమీద వెదకి పట్టుకొన్న పాటను అక్కడ ఒకసారి వాయించమనండి. ఉపాధ్యాయుడు దానిని చివరిదాకా వినునో లేదో, వినిన పిదప ముందుగా దేనిని దిద్దునో కూడా గమనించండి.