పలచబడుతూ వచ్చిన మెత్తదనం

మా క్రాంక్ గ్రైండింగ్ షాపుకి ఇంజిన్ పవర్ పెంచుకోవాలని వచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, కోటింగ్ బేరింగులు వేద్దామా?" అదేదో నిన్నమొన్న వచ్చిన సరుకనుకుంటారు. బేరింగు మీద పూత వేయడం రెండో ప్రపంచ యుద్ధం నాటికే ఉంది. దాని వెనకున్న ఆలోచన ఇంకా పాతది.

1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ బేరింగు లోపల మెత్తటి లోహం పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తగరంలో కాస్త ఆంటిమొనీ, రాగి కలిపిన తెల్ల లోహం అది. నూనెలో కొట్టుకొచ్చే రజను అందులో దిగబడిపోతుంది, షాఫ్టుకు గీత పడదు. నూనె అందని క్షణంలో తాను అరిగి క్రాంకును కాపాడుతుంది. ఫోర్డ్ మోడల్ టి ఇంజిన్లలోనూ దీన్నే కరిగించి పోసేవారు. పోసిన బేరింగులకు క్రాంకు కుదరాలంటే దానికి నీలం రంగు పూసి తిప్పేవారు. రంగంటిన చోటల్లా చేత్తో గీకేవారు.

అసలు బరువు మోసేది లోహం కాదని 1883లో ఇంగ్లండులో బోశాంప్ టవర్ ప్రయోగాల్లో బయటపడింది. నూనె పోయడానికి బేరింగుకి పైన రంధ్రం వేస్తే, తిరిగే షాఫ్టు ఆ నూనెను పైకి తన్నింది. బిరడా పెడితే బిరడానూ తోసేసింది. మోసేది నూనె పొరే. దాని లెక్క 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ కట్టాడు.

ఇంజిన్ల బలం పెరిగేకొద్దీ మందంగా పోసిన తెల్ల లోహం వేడికి, దెబ్బలకు పగలసాగింది. మెత్తటి పొర ఎంత పలచనైతే అంత తట్టుకుంటుంది. ఉక్కు రేకు మీద పలచగా లోహం పరిచిన థిన్‌వాల్ బేరింగుల లైసెన్సును 1930లలో అమెరికా నుంచి ఇంగ్లండుకు తెచ్చిన టోనీ వాండర్వెల్, తన రేసు కారుకి వాన్‌వాల్ అని పేరు పెట్టుకున్నాడు. 1958లో ఫార్ములా వన్ మొట్టమొదటి కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ దానిదే.

యుద్ధ విమానాల ఇంజిన్లకు అదీ చాలలేదు. గట్టి లోహం మీద సీసం పూత, నూనెలోని ఆమ్లాలు ఆ సీసాన్ని తినేయకుండా దానికి ఇండియం. ఇండియం పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది ఇలాగే. తర్వాత కార్లకు ఉక్కు, రాగి-సీసం, పైన 20 మైక్రాన్ల సీసం-తగరం పూత స్థిరపడ్డాయి. 2000లో యూరప్ కార్లలో సీసానికి కళ్లెం వేసింది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ స్టార్టయ్యే ఇంజిన్లూ వచ్చాయి. స్టార్టయిన ప్రతిసారీ ముందు కాసేపు నూనె పొర ఉండదు. అందుకే మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన పాలిమర్ పూతలకు గిరాకీ పెరిగింది.

అందుకని కుర్రాళ్లకు చెబుతాను: పూత పవర్ ఇవ్వదు, నూనె తప్పిన క్షణాన్ని దాటిస్తుంది. ముందు క్లియరెన్స్, అంటే షాఫ్టుకీ బేరింగుకీ మధ్య ఖాళీ, చూడండి. బేరింగులో తిరిగే క్రాంకు భాగం, అంటే జర్నల్, 50 మిల్లీమీటర్లుంటే దానికి సుమారు 50 మైక్రాన్లు వదులుతాం. మామూలు షెల్స్‌కి (బేరింగు రెండు సగాలకి) బయట 8 మైక్రాన్ల పూత వేయిస్తే పైదీ కిందదీ కలిపి 16 పోయాయి. పూత పడ్డాక మళ్లీ కొలవకుండా బిగిస్తే, నూనెకు ఉండాల్సిన చోటులో మూడో వంతు మనమే మూసేసినట్టు.