భైరవకోనలో ఎనిమిది గదులు

నోటుబుక్కులో మొదటి గడి గీయండి. మీరు భైరవకోనలో ఉన్నారు. పొద్దున్నే వెలిగండ్లలో బయల్దేరి, పక్క మండల కేంద్రం సీఎస్ పురం దాటి, నల్లమల అంచుకు చేరారు. వానలు పడ్డాయి, జలపాతం హోరులో పక్కవాళ్ల మాట సరిగా వినపడటం లేదు. ఎదురుగా కొండను తొలిచి మలిచిన ఎనిమిది శివాలయాలు. ఏడింటి ముఖం తూర్పుకి, ఒక్కదానిది ఉత్తరానికి. మీరు రాయబోయే ఆటలో ఆ ఎనిమిదీ గదులు.

ఈ ఆటలో బొమ్మలుండవు. తెరమీద నాలుగు వాక్యాలు వస్తాయి, ఆడేవాళ్లు ఏం చేస్తారో టైపు చేస్తారు, ఆట బదులు చెబుతుంది. ఈ తరహా ఆటలకు దారి చూపింది కూడా గుహలే. విల్ క్రౌథర్ అనే అమెరికా ప్రోగ్రామరు కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగి, వాటి పటాలు గీసినవాడు. 1970ల నడుమ ఆ గుహల్నే గదులుగా మలిచి ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. క్రౌథర్ స్వయంగా తిరిగిన చోటు గనక ఆ ఆటలో గుహ నిజంగా ఉన్నట్టే ఉంటుంది.

ఒక గుహలోకి అడుగు పెట్టండి. ఎండలోంచి వచ్చిన కళ్లకు కాసేపు ఏమీ ఆనదు. చేతికి రాయి చల్లగా తగులుతుంది. అది రాసుకోండి, రేపు తెరమీద వచ్చే వాక్యం అదే. పక్కనే దొరికే వస్తువు, దారులు. పడమటికి నడిచి లోపలికొచ్చారు, కాబట్టి బయటికి దారి తూర్పు. ఉత్తరముఖంగా ఉన్న గుడిలోకి మాత్రం దక్షిణానికి నడవాలి. తిరుగుదారి రాయడం మరిచారా, ఆడేవాళ్లు ఆ చీకట్లోనే ఉండిపోతారు. గడుల్ని కలిపే ప్రతి గీతకూ రెండు చివర్లా బాణం వేయండి.

సాయంత్రం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచారు. ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు చాలు. జావాస్క్రిప్ట్‌లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, బ్రౌజరు ఒప్పుకుంటుంది. ‘గదులు’ అని ఒక ఆబ్జెక్టు, అందులో ఒక్కో గుహకూ వివరణ, వస్తువులు, దారులు. ‘ఇప్పుడు’ అనే వేరియబుల్‌లో ఆడేవాళ్లున్న గది పేరు. తూర్పు అన్నారనుకోండి, ‘గదులు[ఇప్పుడు].దారులు.తూర్పు’ ఉందేమో కోడ్ చూస్తుంది. ఉంటే ‘ఇప్పుడు’ మారుతుంది, లేకపోతే ‘అటు దారి లేదు’ అని తెరమీద పడుతుంది. అసలు పని ఇంతే. గదికో ‘ఇఫ్’ చొప్పున రాసుకుంటూ పోతే మూడో గుహ దగ్గరే కోడ్ చిక్కుపడుతుంది. గదుల సమాచారం ఒకచోట, నడిపే కోడ్ ఒకచోట ఉంచండి.

ఇక ఆడేవాళ్ల మాట. ఇంగ్లిష్ ఆటల్లో క్రియ ముందొస్తుంది, మొదటి మాట చూస్తే సరిపోతుంది. మనవాళ్లు ‘దీపం తీసుకో’ అంటారు. వాక్యాన్ని ఖాళీల దగ్గర విడగొట్టి చివరి మాటను పట్టుకోండి. కొందరు ‘వెళ్ళు’ అని, కొందరు ‘వెళ్లు’ అని కొడతారు. రెండూ ఒకటేనని ఆటకు చెప్పాలి. ‘ఉత్తరం’, ‘ఉత్తరానికి’ ఏది వచ్చినా ‘ఉత్తర’తో మొదలైతే చాలు. పడమర, పడమటికి అన్నవాటికి ‘పడమ’ దాకా చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ తెలుగు ఆట నిలబడేదీ, కూలేదీ ఇక్కడే. ఇంగ్లిష్ ఇంజన్‌లో మాటలు మార్చినంత మాత్రాన అది తెలుగు ఆట కాదు.

ఆడి చూడండి. ‘దీపం తీసుకో.’ ఎంటర్ నొక్కగానే దీపం గది జాబితాలోంచి పోయి మీ జాబితాలో చేరింది. ‘పడమటికి వెళ్లు.’ దీపం లేకపోతే ‘చీకటి’ అనే ఆట, ఈసారి దీపం ఉంది గనక గోడమీది చెక్కడాలు వర్ణిస్తుంది. ‘ఇప్పుడు’ విలువనూ, మీ వస్తువులనూ, గదుల్లో మిగిలినవాటినీ బ్రౌజరు లోకల్ స్టోరేజీలో దాచారంటే, రేపు తెరిచినా అక్కడినుంచే సాగుతుంది.

మన పిల్లలు మన మాటలో టైపు చేసి ఆడుకునే ఆటలు ఇంకా ఎన్నో రావాలి. మీ ఊరి గుడో, కోటో, పాత బడో తీసుకోండి. మొదటి ఆటకు ఎనిమిది గదులు దాటనివ్వకండి. దారులన్నీ రానుపోను సరిగ్గా కలిశాయని తేలేదాకా కథ జోలికి పోకండి.