నమూనా
తుపాను రోజుల్లో పత్రిక తిరగేస్తే రెండు రకాల నమూనాలు ఎదురవుతాయి: ల్యాబ్‌కు పంపిన నీటి నమూనాలు, తుపాను ఎక్కడ తీరం దాటుతుందో తలో మాట చెప్పే వాతావరణ నమూనాలు (మోడళ్లు). మొదటిది సీసాలో పడుతుంది. రెండోది గాలి, తేమ, పీడనాలను సమీకరణాల్లో పెట్టి కంప్యూటర్‌లో నడిపే లెక్క. నమూనా అనే మాట పారశీకానిది, ‘చూపించడం’ అనే అర్థమున్న ‘నమూదన్’ దాని మూలం. ఆఫీసుల్లోని ‘నమోదు’, హైదరాబాద్‌లో 1938లో మొదలైన ‘నుమాయిష్’ దీని చుట్టాలే. బట్టల కొట్టులో కత్తిరించి ఇచ్చే ముక్కకు ఈ అర్థం అతికినట్టు సరిపోతుంది. ముక్క చూస్తే తాను సంగతి తెలిసిపోతుంది. వాతావరణం అలా కాదు. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్ మోడల్‌లో 0.506127 బదులు 0.506 వేసి మళ్లీ నడిపితే, మొదట పాత దారిలోనే సాగిన వాతావరణం కాసేపటికి పూర్తిగా వేరైపోయింది. ఇక ఇలా మోడల్‌ను నడిపి చూడడాన్ని, అంటే సిమ్యులేషన్‌ను, ‘అనుకరణ’ అందామంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీ! ఆయన అప్పటికే ఉన్న గొంతులను అనుకరించారు. కంప్యూటర్ ఇంకా రాని తుపానును లెక్కగడుతుంది. వార్తలు రాసేవారు నమూనాను సీసాకూ బట్టకూ వదిలేసి, వాతావరణ లెక్కకు మోడల్ అనే రాస్తే చదివేవారికి తికమక తప్పుతుంది.