మరల తిరుగుచున్న గ్రామఫోను ప్లేటు

ఇంటికి రేడియో రాకపూర్వము సంగీతమును పెట్టెలో పెట్టి తెచ్చినది గ్రామఫోను. దాని పళ్లెములను మన పెద్దలు ప్లేట్లనిరి, తరువాతివారు రికార్డులనిరి. కాసెట్టు వచ్చిన పిదప అవి అటక యెక్కినవి. కాంపాక్టు డిస్కు వచ్చిన పిదప అటక దిగి పాత సామానులవాని తట్టలో చేరినవి. అట్టి వస్తువునకు ఇరువదియొకటవ శతాబ్దమున తిరిగి గిరాకి పుట్టినదనిన వెంటనే నమ్మబుద్ధి కాదు. కాని లెక్కలు అట్లే చెప్పుచున్నవి. అమెరికాలో 2006లో అమ్ముడైన ఎల్. పి. రికార్డులు పది లక్షలకు లోపు. 2022లో అవి 4 కోట్ల 10 లక్షలు. ఆ యేడు అచ్చట అమ్ముడైన కాంపాక్టు డిస్కులు 3 కోట్ల 30 లక్షలు. తన్ను అంగడినుండి వెళ్లగొట్టిన డిస్కును ఈ పాత ప్లేటు సంఖ్యలో మించుట 1987 తరువాత అదే మొదటిసారి.

ఈ లెక్కను చూచి మురిసిపోవువారు మరియొక లెక్కను కూడ చూడవలెను. 1977లో అదే దేశమున 34 కోట్లకు పైగా ఎల్. పి.లు అమ్ముడైనవి. 2024లో అమ్ముడైన 4 కోట్ల 40 లక్షలు దానిలో ఎనిమిదవ వంతు మాత్రమే. నేడు అచ్చటి సంగీత వ్యాపారపు రాబడిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఇంటర్నెట్టు ద్వారా వినుటవలన వచ్చుచున్నది. కనుక దీనిని పునఃపట్టాభిషేక మనరాదు. పోయినదనుకొన్న ప్రాణము నిలిచినది, అంతే. అది యెట్లు నిలిచెను? ఎవరు నిలిపిరి? చరిత్రలో నాకు ఆసక్తికరముగా తోచిన భాగమది.

మొదటి ప్లేటు వినైల్ ప్లేటు కాదు. 1877లో ఎడిసన్ శబ్దమును పట్టినది స్తంభాకారమైన గొట్టముపైన. పది సంవత్సరముల పిమ్మట, 1887లో, ఎమిలీ బెర్లినర్ దానిని చదునైన పళ్లెముగా మార్చెను. గొట్టమునకు నకళ్లు తీయుట దుర్ఘటము; పళ్లెమునకైనచో ఒక్క అచ్చునుండి వేలకొలది తీయవచ్చును. 1895 ప్రాంతమునుండి ఈ పళ్లెములను లక్కతో చేయసాగిరి. ఆ లక్క మనదే. ఛోటా నాగపూరు అడవులలో మోదుగ, రేగు చెట్ల కొమ్మలపైన లక్కపురుగు విడిచిన జిగురును గీచి, కరగించి, శుభ్రపరచి, ఓడల కెక్కించిరి. ఇటలీ గాయకుని కంఠమైనను, జర్మనీ వాద్యబృందమైనను నిలిచినది మన అడవి పురుగు కూర్చిన జిగురుపైననే. దానిలో పలకరాతి పొడివంటి గట్టి పొడులు కలిపెడివారు. ఉక్కుముల్లు ఆ పొడిపై అరిగి గాడికి సరిపడవలెనని వారి ఉద్దేశము. అందుకే ప్రతి పాటకు ముల్లు మార్చవలసి వచ్చెడిది. ఆ చిన్న ముల్లుల డబ్బా గ్రామఫోను ప్రక్కనే యుండెడిది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను శబ్దగ్రాహకుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును పట్టెను. ఆమె పాట ముగియగనే తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పెడిది. అచ్చువేయు పరదేశపు కర్మాగారమున ఏ ప్లేటు ఎవరిదో తెలియుటకై ఆ ఏర్పాటు. 1908లో కలకత్తాలోని సియాల్డాలోనే కర్మాగారము వెలసినది. తరువాత అది డండమునకు మారినది. మన నాటక పద్యములు, హరికథలు, జావళులు ఈ దారినే ఇంటింటికి చేరినవి. పదంగుళముల ప్లేటులో ఒక ప్రక్కకు మూడు నిమిషములకు మించి పట్టదు. నాటకరంగమున గంటలకొలది రాగము తీసిన నటుడు ఇక్కడ మూడు నిమిషములలో పద్యము ముగించి తప్పుకొనవలసి వచ్చెను. మన పాట నిడివి ఇంతే యని నేటికిని మనకు తోచుట వెనుక ఈ యంత్రపు ఇరుకుతనము కొంత లేకపోలేదు.

రెండవ ప్రపంచయుద్ధము లక్కకు కరవు తెచ్చినది. 1942లో అమెరికా ప్రభుత్వము సైనికేతర అవసరములకు లక్క వాడకమును బాగుగా తగ్గించెను. లక్కప్లేటు మరియొకందులకును పనికిరాకపోయినది: దూరదేశములందలి సైనికులకు పంపిన, దారిలో పగిలెడిది. కావున 1943 నుండి సైన్యమునకు పంపిన రికార్డులకు వినైలును వాడిరి. అది పాలీవినైల్ క్లోరైడు జాతికి చెందిన కృత్రిమ పదార్థము. వంగును గాని సులభముగా పగులదు. దానిలో రాతిపొడి లేదు గనుక గరగర తక్కువ. గాడులను సన్నగా, దగ్గర దగ్గరగా చెక్కవచ్చును. 1948 జూన్ 21న కొలంబియా కంపెనీవారు న్యూయార్కులో పత్రికలవారిని పిలిచి, నిమిషమునకు 33⅓ సారులు తిరుగు దీర్ఘ వాదన రికార్డును చూపిరి. ఒక ప్రక్క పాత ప్లేట్ల దొంతర, సుమారు ఎనిమిది అడుగుల ఎత్తు. రెండవ ప్రక్క అదే సంగీతము పట్టిన ఎల్. పి.ల దొంతర, పదునైదు అంగుళములకు కొంచెము పైగా. ఇక ఉపన్యాసముతో పని యేమి?

ఎల్. పి.లో ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా వాయించును. ఆ గాడిని విప్పి నేలపై పరచగలిగిన రెండు ఫర్లాంగులు దాటును. మన సంగీతమునకు ఇది పెద్ద మేలు చేసినది. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన వేంకటేశ్వర సుప్రభాతము ఎల్. పి.గా వెలువడినది. మూడు నిమిషముల ప్లేటుపై దానిని ముక్కలు చేసి వినిపించిన తెల్లవారుజాము ఎట్లుండెడిదో ఊహించుకొనవచ్చును. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూసిన పిమ్మట వెలువడిన ఆయన భగవద్గీత రికార్డులును అట్టివే. మా యింటి గీత రికార్డుపై ఎవరి చేతినుండియో గీత పడినది. ముల్లు ఒకచోట చిక్కుకొని, ఎవరైన లేచి వచ్చి తట్టువరకు, భగవానుడు అర్జునునకు ఒకే అర్ధశ్లోకమును బోధించుచుండెడివాడు. నేటికిని ఆ శ్లోకమును మరియొకచోట విన్నప్పుడు, అది ఆగక ముందుకు సాగుట నాకు వింతగానే యుండును.

పతనమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1963లో ఫిలిప్స్ వారి కాసెట్టు, 1982లో జపానున మొదట అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు, రెండును కలిసి పని ముగించినవి. మన దేశమున 1980 తరువాత చవుక కాసెట్లు రాగా, రికార్డులు పెండ్లిపందిళ్ల మైకుసెట్లవారి పెట్టెలలోనే మిగిలినవి. జపానులో సోనీవారు 1989లో రికార్డులు అచ్చువేయుట మానుకొనిరి. కర్మాగారములు యంత్రములను పాత ఇనుము క్రింద అమ్మివేసినవి. సుమారు ముప్పది యేండ్లపాటు క్రొత్త అచ్చుయంత్రమును తయారుచేసినవారు దాదాపు లేరు.

అయినను అంతయు పోలేదు. దీనిని కాపాడినవారు సంగీత విద్వాంసులును కారు, ధనికులైన రసికులును కారు. న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో 1973 ప్రాంతమున నల్లజాతి యువకులు రెండు రికార్డు యంత్రములను ప్రక్క ప్రక్క నుంచి, పాటలో తాళము మాత్రము మ్రోగు భాగమును ఒకదాని తరువాత ఒకదానిపై మరల మరల వినిపించి నృత్యములు సాగించిరి. రికార్డును చేతితో వెనుకకు త్రిప్పుట, ఆపుట, రాచుట వారి వాదనకళ అయినది. మన యింట చేసినచో వీపు చిట్లునట్టి పని అది. ఆ కళకు ప్లేటే కావలెను; అప్పటి కాసెట్టుతో అది సాధ్యము కాదు. తొంబదులలో పెద్ద కంపెనీలు చేతులు కడుగుకొన్న కాలమున పండ్రెండంగుళముల నృత్యరికార్డులు అడిగినవారు వీరే. వారి నెచ్చెలి టెక్నిక్స్ ఎస్. ఎల్. 1200 అను యంత్రము, 1972లో పుట్టినది. దానిని 2010లో ఆపివేసిన కంపెనీయే 2016లో తిరిగి చేయవలసి వచ్చినది.

మరియొక రక్షకుడు చెక్ దేశమున కలడు. ప్రాహా నగర సమీపమున లొడెనిత్సే అను చిన్న ఊర 1951 నుండి రికార్డులు అచ్చువేయుచున్న కర్మాగారమున్నది. కమ్యూనిస్టు ప్రభుత్వము పోయినది, గిరాకి పోయినది. యంత్రములను మాత్రము వారు పారవేయలేదు. అది దూరదృష్టియో, పాత వస్తువును పారవేయలేని గృహిణి స్వభావమో చెప్పలేను. నేడు ప్రపంచమున అత్యధికముగా రికార్డులు అచ్చువేయునది ఆ సంస్థయే. 2008 ఏప్రిల్ 19న అమెరికాలోని చిల్లర రికార్డు దుకాణములవారు కలిసి "రికార్డు దుకాణముల దినము" మొదటిసారి జరిపినప్పుడు, ఈ పాత యంత్రములకు చేతినిండ పని రాబోవుచున్నదని ఊహించినవారు కొలదిమందియే.

ఈ పునర్జీవనము ఎంత సన్నని దారముపై వ్రేలాడుచున్నదో 2020లో తెలిసినది. ప్లేటు తయారగు క్రమము ఇది. అల్యూమినియము పళ్లెముపైన నున్నని పూత పూసి, ఆ పూతలో వేడి సూదితో గాడి చెక్కుదురు. పూతకు లాకరు అని పేరు. ఆ పేరు మన లక్కనుండి పుట్టినదే గాని దీనిలో లక్క లేదు. ఇది నైట్రోసెల్యులోజు, తుపాకిమందునకు దగ్గరి చుట్టము. చెక్కిన పళ్లెముపై వెండి చల్లి, నికెలు పేర్చి, ఒలిచిన వచ్చునది "తండ్రి". దానిపై మరల నికెలు పేర్చి తీసినది "తల్లి". తల్లినుండి తీసినవి అచ్చుదిమ్మలు. వీనిమధ్య ఆవిరితో కాగిన వినైలు ముద్దనుంచి అదిమినచో సుమారు అర నిమిషములో ప్లేటు తయారగును. వృత్తిపరిభాషలోను కుటుంబము నిలుచుటకు తలిదండ్రులు కావలసినట్లే యున్నది. కాని అన్నిటికి మూలము ఆ లాకరు పళ్లెము. ప్రపంచమంతటికి దానిని చేయువారు అప్పటికి ఇద్దరే. ఒకరు జపానులో నాగనో ప్రాంతమునందు, ఒకరు కాలిఫోర్నియాలోని బానింగ్ ఊరను.

2020 ఫిబ్రవరి 6న బానింగ్ కర్మాగారము తగులబడినది. ప్రాణహాని లేదు; భవనము, సామగ్రి మిగులలేదు. పళ్లెములతోపాటు గాడి చెక్కు సూదులకును కొరత వచ్చినది. జపాను కర్మాగారమొక్కటే మిగిలినది. సూటిగా రాగిరేకుపై గాడి చెక్కు పద్ధతి జర్మనీలో 1980 తరువాత వచ్చినది గనుక అది తెలిసిన కొలదిమంది దానివైపు మొగ్గిరి. కోట్లకొలది అమ్ముడగు వస్తువు ఒక్క అగ్నిప్రమాదముతో ఊపిరాడక నిలిచినది. కర్మాగారములు మూతపడిన కాలమున ఒక తరము పనివారు మరియొక తరమునకు పని నేర్పలేదు. ఆ నష్టము అగ్నిప్రమాదము కన్న పెద్దదని నా అభిప్రాయము. యంత్రమును తిరిగి కొనవచ్చును. గాడిలో మంద్రస్వరము ఎంత వెడల్పున చెక్కిన ముల్లు గెంతదో ఎరిగిన చేయి అంగడిలో దొరకదు.

ఇంతకును ప్లేటు నాదము డిస్కు నాదము కన్న మేలైనదా? కాదనియే నేననుకొందును. గరగర, అరుగుదల, లోపలి గాడులలో స్వరము ముడుచుకొనుట, ఇవన్నియు దాని లోపములే. పాత అయస్కాంతపు టేపునుండి సూటిగా చెక్కినదని పేరుపడిన ఒక సంస్థవారి ఖరీదైన రికార్డులలో పెక్కింటికి, 2011 నుండి నడుమ డిజిటల్ మెట్టు ఉన్నదని 2022లో బయటపడినది. పదునొక సంవత్సరములు మహామహులైన శ్రోతలు దానిని చెవితో కనిపెట్టలేదు. మరియొక విశేషము: 2023లో వెలువడిన అమెరికా సర్వే ఒకటి, రికార్డులు కొన్నవారిలో సగము మందికే వాయించు యంత్రమున్నదని తేల్చినది. దీనిని విని నవ్వువారు తమ బీరువాలోని, పుటలు విప్పని పుస్తకములను ఒకసారి లెక్కించుకొనవలెను. కొనువారిలో యువకులు తక్కువవారు కారు. కనబడని చోటునుండి వచ్చి కనబడని చోటికి పోవు పాట వారికి అలవాటే. అద్దెకు తెచ్చుకొన్న ఆ పాట ఒకనాడు హక్కుల తగవు వలన మాయమగుటయు వారికి అనుభవమే. అట్టివారికి చేతబట్టి చూడదగిన, తనదని చెప్పుకొనదగిన పాట కావలసి వచ్చినది. ఇరువది నిమిషములకొకసారి లేచి ప్రక్క మార్చవలసియుండుట విసుగే. కాని లేచినవాడు వినుచున్నవాడే కదా.

మన విషయమున ఒక చిక్కున్నది. ఈ పునర్జీవనము మూలపు టేపులు భద్రముగా ఉన్నవారికే మేలు చేయును. లక్కప్లేట్ల కాలపు తెలుగు కంఠములలో పెక్కింటికి మూలములు లేవు. ఎవరి యింటనో మిగిలిన ప్లేటే మూలము. అది పగిలిన ఆ నటుడు, ఆ గాయని మరల పలుకరు. అమెరికాలో ఎన్ని కోట్లు అమ్ముడైనను వారికి ఒరుగునది లేదు.

కావున అటకపైన అట్టివి యున్న శ్రోతలకు ఒక మాట. ప్లేట్లను దొంతరగా పేర్పక నిలువుగా ఉంచవలెను. లక్కప్లేటు గాడి ఎల్. పి. గాడికి సుమారు మూడింతల వెడల్పు. ఒకదాని ముల్లుతో మరియొకదానిని వాయించరాదు. ముఖ్యముగా ఎల్. పి.లను తుడుచు స్పిరిటు ద్రవములు ఇటీవల దుకాణములలో అమ్ముచున్నారు. వానిని లక్కప్లేటుకు తగులనీయరాదు. లక్క స్పిరిటులో కరగును. మెత్తని పొడిగుడ్డతో గాడి వెంబడి గుండ్రముగా తుడిచినచో చాలును.