ఓడిన ఏడాదికీ చరిత్ర ఉంది

గెలిచినవారి కథ చెప్పడానికి పదిమంది ముందుకు వస్తారు. ఓడినవారి కథ మాత్రం వారి ఇంటివారే చెప్పుకోవాలి. మన సంచికలలో తెలుగువారి ఘనతను గూర్చిన వ్యాసాలు ఏటా వస్తూనే ఉంటాయి, రావలసిందే. అయితే పరాయిగడ్డ మీద పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఒక ఓటమి చరిత్ర కూడా తెలియడం మంచిదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

జుఫైర్ పిల్లలకు ఫుట్‌బాల్ అంటే ఒక ఆట కాదు, రెండు ఆటలు. అమెరికా నౌకాదళ స్థావరం ఇక్కడే ఉన్నందువల్ల, బంతిని చేతబట్టి పరుగెత్తే ఆ దేశపు ఫుట్‌బాల్ పేరు వారికి కొత్త కాదు. అక్కడ కళాశాలల జట్లకు ఆదరణ మెండు. గెలుపులతో పాటు ఓటములకూ వారు లెక్క వ్రాసి ఉంచుతారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం జట్టు 1983 – 1988 మధ్య వరుసగా 44 ఆటలు ఓడింది. టెక్సాస్‌లోని ప్రెయిరీ వ్యూ కళాశాల జట్టు 1989 – 1998 మధ్య 80 ఓడింది. 1988 అక్టోబరు 8న ప్రిన్స్‌టన్‌పై 16–13తో కొలంబియా గెలిచిననాడు విద్యార్థులు మైదానంలోకి ఉరికి పండుగ చేసుకున్నారు.

మనకు అటువంటి కథ లేదా అంటే, ఉన్నది. అది 2008 నాటి డెక్కన్ ఛార్జర్స్ కథ.

ఆ ఏడాదే భారతదేశంలో ఐపీఎల్ క్రికెట్ పోటీలు మొదలయ్యాయి. హైదరాబాదు జట్టును 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నారు. ఆడం గిల్‌క్రిస్ట్, షాహిద్ అఫ్రిదీ, హెర్షెల్ గిబ్స్ వంటి హేమాహేమీలను తెచ్చారు. ఒక్క ఆండ్రూ సైమండ్స్‌కే 13 లక్షల 50 వేల డాలర్లు పెట్టారు. నాయకుడు మన వి.వి.ఎస్. లక్ష్మణ్. నగరానికి ప్రతీకగా ఉండే ఆటగానికి, జట్టులో అందరికంటె 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్నది నిబంధన. లక్ష్మణ్ ఆ హోదాను తనంతట తానే వదులుకొని, ఆ సొమ్ము ఇతర ఆటగాళ్ళకు మిగిల్చాడు. గెలుపోటముల పట్టికలో ఇటువంటి త్యాగానికి గడి ఉండదు.

కాగితం మీద ఇంత బలమున్న జట్టు 14 ఆటలలో 12 ఓడి, ఎనిమిది జట్లలో ఎనిమిదవదిగా నిలిచింది. సొంతగడ్డ ఉప్పల్‌లో ఆడిన ఏడు ఆటలూ ఓడింది. ఏప్రిల్ 24న సైమండ్స్ 117 పరుగులతో అజేయంగా నిలిచి, జట్టు 214 చేసినా, చివరి ఓవరులో కావలసిన 17 పరుగులను షేన్ వార్న్ బాది రాజస్థాన్‌ను గట్టెక్కించాడు. బెంగుళూరులో మూడే పరుగుల తేడాతో ఓటమి. గెలిచిన రెండూ పరాయి ఊళ్ళలోనే: ఒకటి ముంబయి జట్టు మీద, ఒకటి చెన్నై మీద.

ఎందుకిలా జరిగింది? బ్యాటింగు మీద పెట్టిన శ్రద్ధ బౌలింగు మీద పెట్టలేదు. లక్ష్మణ్ గాయపడి తప్పుకోగా గిల్‌క్రిస్ట్ పగ్గాలు పట్టాడు. సైమండ్స్ నాలుగు ఆటలాడి తన దేశపు జట్టుకు వెళ్ళిపోయాడు. పేరున్నవారిని పోగుచేసినంత మాత్రాన జట్టు కాదు గదా!

మరుసటి ఏడు ఎన్నికల మూలంగా పోటీలు దక్షిణాఫ్రికాకు తరలినాయి. కొత్త శిక్షకుడుగా డారెన్ లేమన్ వచ్చాడు. అయినా రోహిత్ శర్మ, ఆర్.పి. సింగ్, ప్రజ్ఞాన్ ఓఝా, మన విశాఖపట్నం వాడు వేణుగోపాలరావు – చాలామంది ఓడిన ఏడాదివారే. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో అందరికంటె ముందు నిలిచాడు. 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి ఆ జట్టే విజేత అయింది. ఇక్కడ పిల్లలు గమనించవలసిన విషయం ఒకటున్నది. విజేతగా నిలిచిన ఆ ఏడాది కూడా లీగు దశలో ఆడిన 14లో ఏడు ఓడినవే!

ఆ తరువాత కథ సుఖాంతం కాదు. 2010లో తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల సొంత ఆటలు నాగపూరు, కటక్, నవీ ముంబయిలకు పోయినాయి. 2012 సెప్టెంబరులో ఒప్పందం రద్దయి జట్టే లేకుండా పోయింది. దాని స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచింది. 2014లో రాష్ట్రమూ రెండయింది. ఒకప్పుడు అన్ని ప్రాంతాల తెలుగువారూ కలిసి 'మనవాళ్ళు' అనుకొని దుఃఖించిన ఆ జట్టు ఇక చరిత్రలోనే మిగిలింది. మనం చెప్పుకుంటేనే ఉంటుంది, లేకుంటే లేదు.

ఈ మాట ఆటతో ఆగదు. ఈ గల్ఫుకు వచ్చిన తెలుగువారందరూ మేడలు కట్టలేదు. అప్పు తీరకుండానే తిరిగి వెళ్ళినవారున్నారు. చేసిన పనికి జీతం అందక, వట్టిచేతులతో ఇంటి గడప తొక్కినవారున్నారు. వారి పేర్లు ఏ సంచికలోనూ కనబడవు. వారు చేసిన శ్రమ మాత్రం తక్కువది కాదు. వారు వేసిన బాటనే తరువాతివారు నడిచారు. తాతలు, మేనమామలు, పెదనాన్నలు పడిన పాట్లను ఇంటి పెద్దలు దాచిపెడితే, పిల్లలు తమ కుటుంబంలో ఓడినవారే లేరనుకుంటారు. తామొక పరీక్ష తప్పిననాడు ఇంట్లో తామొక్కరమే అనుకొని కుంగిపోతారు.

కనుక పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పండుగకు అందరూ ఒకచోట చేరినప్పుడు 2009 కప్పును గూర్చి చెప్పండి. దానికి ముందు 2008 పట్టికను కూడా చూపండి. అట్లాగే మీ ఇంటి చరిత్రలో ఆ అడుగు వరుసలో నిలిచిన ఏడాది ఏదో కూడా పిల్లలకు చెప్పండి. వీలైతే వ్రాసి పెట్టండి.